సున్నా మీద ముల్లు

ఆ కాగితం మీద సంతకం నాదే. హైమవతి అని రాసి కింద అడ్డంగా ఒక గీత గీయడం హైస్కూలు రోజుల నుంచీ నా అలవాటు. ఆ గీత కూడా ఉంది. నా సందేహం వేరు. ఆ సంతకం పెట్టింది నేనా, మా ఇంట్లో గోడకున్న పెట్టెనా?

నవ్వకండి. ఆ ఏడాది రేవుపట్నంలో ఈ సందేహం లేని మనిషి లేడు. కూరలో ఉప్పు ఎక్కువైతే పెట్టె వేయించింది. పిల్లవాడు లెక్కల పరీక్ష తప్పితే పెట్టె తప్పించింది. మా పక్కింటి అప్పలస్వామి గారు రేవులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే నడవమని డాక్టరు చెబితే నాలుగు రోజులు నడిచి మానేశారు. "నా కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా, పెట్టే ఎల్లనివ్వట్లేదు" అనేవారు. బద్ధకానికి కూడా సర్కారు ముద్ర సంపాదించారే అని ఆయన్ని ఆటపట్టించేదాన్ని. ఇదంతా ఆయన తన అల్లుడి మీద కాగితం రాసివ్వక ముందు. నేను మా తమ్ముడి మీద రాసివ్వక ముందు.

పెట్టె గురించి నాకు అందరికంటే ఎక్కువే తెలుసు. దాన్ని తయారుచేసిన ప్రయోగశాలలో మీటర్లు సరిచూసే ఉద్యోగం నాది. అయినా నా కడుపులో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. చదువుకున్న చదువంతా ఏమైపోయిందో!

చూడటానికి అదొక తెల్లని డబ్బా. లోపల చిన్న ఫ్యాను, ఒక దీపం, రాగి తీగ చుట్టిన బిళ్ళ. ఆ బిళ్ళను మేం నాడి పలక అనేవాళ్ళం. మా ప్రయోగశాల పెద్ద దక్షిణామూర్తి గారు దాన్ని మొదట ఆసుపత్రుల కోసం కనిపెట్టారు. చెవికి వినిపించని కంపనంతో, ఆపరేషన్ బల్ల మీద పడుకున్న రోగికి భయం తగ్గించాలని ఆయన ఆశ. ఒకరోజు ప్రశాంతి శాఖ డైరెక్టరు ఉమాపతి గారు వచ్చి, టీ తాగుతూ, "ఇదే పలకను తిప్పి బిగిస్తే భయం పెరుగుతుందాండీ?" అని అడిగారు.

మరొకరైతే ఛీ అనేవారు. లేదా వణికి చిత్తం అనేవారు. దక్షిణామూర్తి గారు కళ్ళజోడు తుడుచుకుని, "తెలియదు. పరీక్షించి చూడాలి" అన్నారు. తెలియని విషయం ఎదురైతే ఆయన నోట ఇంకో మాట రాదు. మా అందరి గతీ ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

పరీక్షకు ఆయన ఒక షరతు పెట్టారు. పట్నంలోని పన్నెండు పేటల్లోనూ ప్రతి ఇంటికీ పెట్టె బిగిస్తారు. కానీ ఆరు పేటల పెట్టెల్లోనే పలక ఉంటుంది. మిగతా ఆరు పేటల్లో ఒట్టి పెట్టెలు. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, అంతే. ఏ పేటలో ఏ పెట్టె ఉందో జనానికి గానీ, మాకు గానీ, ఆఖరికి ఆయనకు గానీ తెలియకూడదు. వేరే ఊరి నుంచి మనుషులు వచ్చి బిగించి వెళ్ళారు. జాబితాను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇనుప బీరువాలో దాచారు.

"ఒట్టి పెట్టెలు దేనికండీ, దండగ?" అన్నారు ఉమాపతి గారు.

"అవి లేకపోతే ఇది ప్రయోగం కాదు సార్, పుకారు," అన్నారు దక్షిణామూర్తి గారు.

ఒట్టి పెట్టెల సంగతి రేడియో చెప్పలేదు. రేడియో చెప్పింది ఇది. "మనసులో మలినం లేనివారికి ఏమీ అనిపించదు. పసుపు దీపం వెలిగినప్పుడు కడుపులో బిగుతుగా ఉంటే, మీ ఇంట్లో ఎక్కడో అబద్ధం ఉందని అర్థం. దగ్గరలోని ప్రశాంతి కార్యాలయంలో చెప్పుకోండి, మనసు తేలికవుతుంది." గంటకోసారి, జోకొడుతున్నట్టుండే ఒక ఆడగొంతు. దీపం మాత్రం వేళాపాళా లేకుండా రోజుకు మూడు నాలుగుసార్లు వెలిగేది. మమ్మల్ని ఏలే మనిషిని రేడియో రాష్ట్ర సంరక్షకులని పిలిచేది, మేం ఇంట్లో మాటల్లో వెటకారంగా 'పెద్దాయన' అనుకునేవాళ్ళం. పెట్టెలు వచ్చాక ఇంట్లో కూడా అనుకోవడం మానేశాం.

మా తమ్ముడు భానోజీ మాత్రం మానలేదు.

వాడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. రేవులో క్రేను నడుపుతాడు. రోజంతా అంత ఎత్తున కూచుని అందరి నడినెత్తులూ చూడటం వల్లనేమో, వాడికి పెద్దాచిన్నా లేదు, నోటికి అదుపు లేదు.

పెట్టెలు రావడానికి రెండు నెలల ముందు, పొద్దున్న పది గంటల వేళ, ఏడో గిడ్డంగిలో అమ్మోనియా కారింది. తెల్లటి పొగలో మనుషులు పరుగెత్తి పరుగెత్తి పడిపోవడం భానోజీ పైనుంచి చూశాడు. రేడియో దాన్ని సముద్రపు పొగమంచు అంది. మంచులో పని కుదరక కొందరు కార్మికులను వేరే రేవుకు బదిలీ చేశామంది. మావాడు ఊరుకున్నాడా? బదిలీ అయినవాళ్ళ ఇళ్ళకు పోయి, ఉత్తరం వచ్చిందా, ఫోను వచ్చిందా అని ఒక్కొక్కరినీ అడిగాడు. పదకొండు పేర్లు తేలాయి. ఆ పదకొండు పేర్లనూ టీ కొట్టులో, బస్సులో, ఎక్కడ నలుగురుంటే అక్కడ చదివేవాడు.

"వీళ్ళు ఏ రేవుకి బదిలీ అయ్యారో అడ్రసు చెప్పమనండి చాలు," అనేవాడు.

"కొంచెం నెమ్మదిగా అనరా," అనేదాన్ని నేను.

"నెమ్మదిగా అంటే ఎవరికి వినబడతాదక్కా?"

పెట్టెలు బిగించిన మూడో వారం, ఒక మధ్యాహ్నం, ప్రశాంతి కార్యాలయం నుంచి ఒకతను మా ఇంటికి వచ్చాడు. భానోజీ డ్యూటీలో ఉన్నాడు. వచ్చినతను మంచి మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు తనే తీసుకెళ్ళి గట్టు మీద పెట్టాడు. అందరిళ్ళకూ వెళ్తున్నామండీ, పొగమంచు గురించి మీ ఇంట్లో ఎవరైనా వేరే కథ చెబుతున్నారా అని అడిగాడు. లేదన్నాను. సరేనండీ అని లేచాడు కూడా.

అప్పుడు దీపం పసుపుగా వెలిగింది. అతను దాని వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నా కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టయింది. ఒక్కమాట చెప్పేస్తే వదులుతుందని తెలుస్తోంది. "మా తమ్ముడు," అన్నాను. ఆ గొంతు నాదే గానీ, నేను తలుచుకుని అన్నట్టు లేదు. అతను మళ్ళీ కూచుని కాగితం తీశాడు. పదకొండు పేర్ల సంగతి, టీ కొట్టు సంగతి, బస్సు సంగతి అన్నీ చెప్పాను. సంతకం పెట్టి గీత గీశాను. నిజంగానే మనసు తేలికయింది. ఆ తేలికను తలుచుకుంటే నాకిప్పటికీ అసహ్యం.

అయిదో రోజున భానోజీని విశ్రాంతి కేంద్రానికి తీసుకుపోయారు. అది జైలని పిల్లలకు కూడా తెలుసు.

*

నా వంతు అనుమానం అక్కడే మొదలైంది. నేను అంత పని చేసే మనిషినా? వాడికి జ్వరమొస్తే మూడు రోజులు సెలవు పెట్టి తడిగుడ్డ వేసిన మనిషిని. కాబట్టి పెట్టే చేయించి ఉండాలి. మాది తొమ్మిదో పేట. తొమ్మిదో పేటలో పలక ఉన్న పెట్టెలే ఉండి ఉండాలి. దేవుడి ముందు నిలబడి పేదరాలిని కరుణించమన్నట్టు, ఇనుప బీరువా ముందు నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో. లోపల కవరు ఉంది. తాళం దక్షిణామూర్తి గారి దగ్గర ఉంది. ఆయన్ని అడిగితే ప్రయోగం చెడుతుంది అంటారు.

ఇంతలో ఉమాపతి గారికి ఒక చిక్కు వచ్చిపడింది. రెండు నెలల్లో నాలుగు వేల మంది తమ ఇంటివాళ్ళ మీద తామే రాసిచ్చారు. కేంద్రాలు నిండిపోయాయి. రేవులో క్రేన్లు నడిపేవాళ్ళు లేక ఓడలు బారులు తీరాయి. అప్పుడు రేడియోలో కొత్త ప్రకటన వచ్చింది. మన యంత్రం అనుకున్నదానికంటే బలమైనదట, కొందరు దాని ప్రభావంలో అవసరానికి మించి ఫిర్యాదు చేశారట. కాబట్టి పెట్టే చేయించిందని ప్రయోగశాల ధ్రువీకరించిన సంతకాలను రద్దు చేస్తారట. పట్టుబడినవాళ్ళు ఇంటికి వస్తారు. మేం ధ్రువీకరించగలిగేది పలక ఉన్న పేటలనే, కానీ పలక లేని పేటలంటూ ఉన్నాయని జనానికి తెలియదు. అందరూ తమ పేటలో ఉందనే అనుకుని ఆశగా ఎదురుచూశారు.

అంటే భానోజీ ఇంటికి రావాలంటే తొమ్మిదో పేట పెట్టెల్లో పలక ఉండాలి. నేను నిర్దోషినని తేలడం, వాడు విడుదల కావడం, రెండూ ఒకే ముక్క మీద ఆధారపడ్డాయి.

కవరు విప్పే రోజు ఉదయం నేను, దక్షిణామూర్తి గారు, ఆయన నల్లబల్ల. మా దగ్గర ఒక ఆచారం ఉంది. లెక్కలు కట్టే మనిషి జాబితాను కళ్ళతో చూడకూడదు. ఇంకొకరు పైకి చదవాలి, ఆయన రాసుకోవాలి. చదివినవాళ్ళే కవరు మళ్ళీ అంటించి ముద్ర వెయ్యాలి. కళ్ళకు పక్షపాతం ఉంటుందని ఆయన సిద్ధాంతం. నోటికి కూడా ఉండొచ్చని ఆ మహానుభావుడికి తట్టలేదు.

"చదువు హైమా," అన్నారు.

"ఒకటో పేట, ఉంది. రెండు, లేదు. మూడు, లేదు. నాలుగు, ఉంది." నా గొంతు బాగానే ఉంది. అయిదు ఉంది, ఆరు లేదు, ఏడు ఉంది, ఎనిమిది లేదు.

తొమ్మిది దగ్గర కాగితం మీద 'లేదు' అని ఉంది.

నేను రెండోసారి చూశాను. నీలం సిరాతో, గుండ్రని అక్షరాలతో, లేదు.

"తొమ్మిది?" అన్నారాయన, చాక్‌పీసు ఎత్తి పట్టుకుని.

"ఉంది సార్," అన్నాను.

పది ఉంది, పదకొండు లేదు. పన్నెండుకు ఎదురుగా ఉంది అని ఉంది. కానీ మొత్తం ఆరే ఉండాలి, లేకపోతే ఆయన పట్టుకుంటారు. "పన్నెండు, లేదు," అన్నాను. పన్నెండో పేటలో ఎవరెవరు ఇంటికి రావలసినవాళ్ళున్నారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించనూ లేదు. కవరు అంటించి ముద్ర వేశాను. చెయ్యి కాలింది.

దక్షిణామూర్తి గారు మూడు రోజులు బల్ల ముందు నిలబడ్డారు. పలక ఉన్న పేటల్లో ఎంతమంది నోళ్ళు మూసుకున్నారో, లేని పేటల్లో కూడా అంతేమంది మూసుకున్నారు. ఉన్నచోట ఎంతమంది రాసిచ్చారో, లేనిచోటా అంతే. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఆయన చెరిపారు, మళ్ళీ గీశారు.

"హైమా, సరిగ్గానే చదివావు కదమ్మా?"

"సరిగ్గానే చదివాను సార్."

ఆయన నన్ను నమ్మారు. నేను నిజం చెప్పినా ఆ గీతలు విడిపోయేవి కావని తర్వాత నేనే కట్టి చూసుకున్నాను. అది నాకు ఊరటో, ఇంకో శిక్షో తేల్చుకోలేకపోయాను.

నాలుగో రోజు ఉమాపతి గారు వచ్చారు. దక్షిణామూర్తి గారు పరీక్ష తప్పిన పిల్లవాడిలా తల వంచుకుని, "పలక పనిచేయలేదండీ. ఒక్క మనిషి మీద కూడా," అన్నారు.

ఉమాపతి గారు కాసేపు బల్ల వంక చూశారు. మొహం విప్పారింది. "అంటే పలకలు లేకుండానే పని జరుగుతోందన్నమాట! ఎంత మంచి కబురు చెప్పారండీ!"

"కాదండీ. వాళ్ళ కడుపులో ఉన్నది పెట్టె నుంచి రాలేదు. ఆ సంగతి వాళ్ళకి చెప్పాలి కదా?"

"చెబుదాం. తప్పకుండా చెబుదాం," అన్నారు ఉమాపతి గారు, లేచి ఆయన భుజం తట్టి. నా వైపు తిరిగి, "పలక ఉన్న పేటల ధ్రువపత్రాలు మీరు రాసెయ్యండమ్మా. అవతల ఓడలు ఆగిపోయాయి," అన్నారు.

సోమవారం నాటికి దక్షిణామూర్తి గారి గది ఖాళీగా ఉంది. బదిలీ అయ్యారని చెప్పారు. ఏ ఊరికి అని ప్రయోగశాలలో ఎవరూ అడగలేదు. నా దగ్గర రాయాల్సిన ధ్రువపత్రాలు ఇంకా మూడు వందలున్నాయి. భానోజీది ఇంకా సంతకం కాలేదు. నేనూ అడగలేదు.

*

అయినా నాకు నమ్మకం కుదరలేదు. జాబితా రాసినవాడు పొరపడి ఉండొచ్చు. బిగించినవాళ్ళు పేట మారి బిగించి ఉండొచ్చు. పక్క పేట కంపనం గాలిలో మా పేటకు వచ్చి ఉండొచ్చు. ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఆ శనివారం ప్రయోగశాల మీటరు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

తలుపు వేసి, స్టూలు ఎక్కి, మీటరును పెట్టెకు ఆనించాను. ముల్లు సున్నా మీద ఉంది. తట్టాను. సున్నా. మీటరు చెడిందేమోనని వంటింట్లో మిక్సీ దగ్గర పెడితే గంతులేసింది. మళ్ళీ పెట్టె దగ్గర పెడితే సున్నా. ఒట్టి డబ్బా. ఒక బల్బు, ఒక ఫ్యాను.

అలా చూస్తుండగానే దీపం పసుపుగా వెలిగింది. నా కడుపు బిగిసింది. తడిబట్ట పిండినట్టు, అచ్చం అప్పటిలాగే. నా కళ్ళు ముల్లు మీద ఉన్నాయి, ముల్లు సున్నా మీద ఉంది, నా కడుపు మాత్రం నా మాట వినడం లేదు. ఇరవై ఏళ్ళుగా మీటర్లు సరిచూస్తున్నాను. ఏది చెడిందో మొదటిసారి చెప్పలేకపోయాను.

భానోజీ మరుసటి వారం వచ్చాడు. అదే రోజు అప్పలస్వామి గారి అల్లుడు కూడా వచ్చాడు. అప్పలస్వామి గారు ధ్రువపత్రాన్ని ఫ్రేము కట్టించి నడవాలో తగిలించారు. "నేను కాదురా బాబూ, పెట్టె సేయించింది. సూడు, రాసిచ్చారు," అని అల్లుడి చేతులు పట్టుకుని ఏడ్చారట. అల్లుడు కూడా ఏడ్చాడట. ఇప్పుడు ఇద్దరూ ఒకే పళ్ళెం దగ్గర కూచుంటున్నారని ఆయన కూతురు నాకు జంతికలు తెచ్చిచ్చింది. నేను తినలేదు.

భానోజీ సగమయ్యాడు. గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాడే నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్నేటీ అననక్కా. కాగితం చూపించారు. పెట్టెకంత బలముంటే నువ్వేటి చేస్తావు, పాపం?" అన్నాడు.

అవునన్నట్టు తల ఊపాను. అన్నం పెట్టాను.

ఇంటికొచ్చింది మా భానోజీ కాదని అర్థం కావడానికి వారం పట్టింది. పెట్టె ఉన్న గదిలో నడిచేటప్పుడు తల వంచి నడిచేవాడు. రేడియోలో ఆ గొంతు వస్తే తినడం ఆపి వినేవాడు. క్రేను ఎక్కి, దిగి, ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని కూచునేవాడు. నేను పొగమంచు మాట ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నేను కోరుకున్నదీ అదే కదా.

ఆదివారం మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. ఆ పదకొండు మందిలో ఒకడి భార్య. మొగుడు బదిలీ అయిన దగ్గర్నుంచి రేవు దగ్గర చేపలు అమ్ముకుంటోంది. లోపలికి రాకుండా గుమ్మం పక్కన కూచుంది.

"బాబూ, నువ్వొచ్చావంటే ఒచ్చాను. అందరూ ఆడు బతికే ఉన్నాడంటన్నారు. మొన్న రేడియోలో కూడా సెప్పారంట. నాకేటీ పాలుపోవట్లేదు. నువ్వు పైనుంచి సూసినావు కదా? ఒక్కపాలి సెప్పు. ఆడు పడిపోడం సూసినావా?"

భానోజీ పెట్టె వంక చూశాడు.

"పొగమంచేనేమో పైడమ్మా," అన్నాడు.

ఆమె వాడి మొహంలోకి చూసింది. లేచి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియలేదు. "పొగమంచేంట్రా? నీ కళ్ళతో చూశానని ఊరంతా చెప్పావు కదా!"

"ఏమోనక్కా. చూశాననుకున్నాను." కణతలు నొక్కుకున్నాడు. "నీ చేత నా మీద రాయించిన పెట్టె, నా కళ్ళకి ఏదైనా చూపించగలదు కదా. లేని శవాలు చూపించిందేమో."

"అప్పటికి పెట్టెలు రానే లేదురా! రెండు నెలల తర్వాత వచ్చాయి."

"ఒచ్చేసినట్టే గుర్తు నాకు."

వాడు నిజంగానే అంటున్నాడు. కేంద్రంలో కొడితే మారని మనిషి. నా అబద్ధానికి మారిపోయాడు. అక్కే రాసిచ్చిందంటే ఇక ఏ మనసూ ఎవరిదీ కాదని తేల్చుకుని, తన కళ్ళను కూడా సర్కారుకు అప్పజెప్పేశాడు. వాణ్ణి ఇంటికి తెచ్చుకుందామని ఆడిన మాట వాణ్ణి లేకుండా చేసింది. నిజం చెబితే వాడికి నేను ఉండను. చెప్పకపోతే వాడే ఉండడు. ఇంతకంటే సూటిగా నాకు ఏనాడూ ఏదీ అర్థం కాలేదు.

"మన పెట్టెలో పలక లేదు," అన్నాను.

"ఆఁ?"

"ఒట్టి డబ్బా. తొమ్మిదో పేట మొత్తం ఒట్టి డబ్బాలే. జాబితాలో లేదు అని ఉంటే నేను ఉంది అని చదివాను. నువ్వు ఇంటికి రావాలని."

"మరి నీ చేత ఎవరు రాయించారు?"

"ఎవరూ రాయించలేదురా. భయమేసింది, రాసిచ్చేశాను. అతను లేచి వెళ్ళిపోబోతున్నాడు కూడా. నేనే కూచోబెట్టినట్టయింది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. వాడు నేల వంక చూస్తూ వేలితో గచ్చు మీద ఏదో గీశాడు.

"మీటరు పెట్టి చూశావా?"

"చూశాను. సున్నా."

"అయితే నేను చూసింది పొగమంచు కాదు."

"కాదు."

"ఆ పదకొండు మందీ... రాజులు, వాడి తమ్ముడు... పైడమ్మ మొగుడు... వాళ్ళు పడిపోడం నేను చూశాను."

"చూశావు."

వాడి మొహంలోకి రక్తం రావడం నాకు కనిపించింది. నా మీద కోపం కూడా అందులో ఉంది, ఉండాలి కూడా. లేచి పక్కింటి వైపు కిటికీ బార్లా తెరిచాడు. ఎదురుగా అప్పలస్వామి గారి కిటికీ.

"ఓ అప్పలస్వామి గారూ! ఒకసారిలా రండి! ఈ పెట్టెల్లో..."

నేను పరుగెత్తి వాడి నోరు మూసేశాను. రెండు చేతులతో, గట్టిగా. నాకు అన్నీ తెలుసు. సున్నా కళ్ళారా చూసినదాన్ని. అయినా మూశాను. నా దొంగ ధ్రువపత్రం బయటపడుతుందనా, వాణ్ణి మళ్ళీ తీసుకుపోతారనా, ఊరికేనా? నాకిప్పుడు కూడా తెలియదు. కడుపు బిగిసి ఉంది.

భానోజీ నా మణికట్లు పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. నెట్టలేదు.

"ఇప్పుడెవరు చేయించారక్కా?" అన్నాడు.

"నేనే," అన్నాను.

అవతల అప్పలస్వామి గారు భుజాన తువ్వాలు సర్దుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చారు. "ఏటమ్మా, పిలిసినారా?"

భానోజీ నా వంక చూశాడు. వాడు చెప్పడని అర్థమైంది. నా కోసం ఆగాడు.

"అప్పలస్వామి గారూ," అన్నాను. గొంతు పీలగా వచ్చింది. "మన పేట పెట్టెల్లో ఏమీ లేదండీ. ఒట్టి డబ్బాలు. మీ ఇంట్లోదీ అంతే."

ఆయన నవ్వబోయారు. నా మొహం చూసి నవ్వు ఆగిపోయింది. "అదేటమ్మా? సర్కారు కాగితం ఇచ్చింది కదా. నువ్వే తెచ్చిచ్చినావు."

"అది అబద్ధమండీ. నేనే రాశాను."

ఆయన తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నారు. నడవాలోకి, ఫ్రేము ఉన్న గోడ వైపు చూశారు. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "అలాగనకమ్మా. మీ దాన్లో లేదేమో. మా ఇంట్లోదాన్లో ఉంది. నాకు తెల్దేటి? ఉందమ్మా." చేతులు జోడించారు. "ఉండాల."

ఆయన వెనక అల్లుడు వచ్చి నిలబడ్డాడు. చేతికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. మామగారి జోడించిన చేతుల వంక, నా వంక, భానోజీ వంక చూశాడు.

"ఏటన్నారండీ? నాకు వినబడలేదు," అన్నాడు.

అప్పలస్వామి గారు నా వైపు చూస్తూ వద్దన్నట్టు తల ఊపారు. డెబ్భై ఏళ్ళ మనిషి, కళ్ళ నిండా నీళ్ళు. ఆయన కుటుంబాన్ని కలిపింది నా అబద్ధం. విడదీయబోయేది నేను. మంచి ఎటు ఉందో ఎంత వెతికినా కనిపించలేదు.

ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పాను.